ఏ పైపును ముందు మార్చాలి: పాత రికార్డులతో రేపటి లీకేజీని అంచనా వేసే పద్ధతి

నీటి సరఫరా పైపులన్నింటినీ ఒకేసారి మార్చగల స్తోమత ఏ నగరపాలక సంస్థకూ ఉండదు. మొత్తం పొడవులో ఏటా ఒక శాతం మాత్రమే మార్చగల నగరంలో, ఉన్న పైపులన్నీ ఒక విడత మారడానికే నూరేళ్లు పడుతుంది. కాబట్టి ఈ ఏడాది ఆ ఒక్క శాతం ఏ వీధుల్లో పడాలన్నదే అసలు ప్రశ్న. దానికి ఇప్పటిదాకా చెల్లుబాటవుతున్న సమాధానాలు మూడు: నిన్న ఎక్కడ పగిలి రోడ్డు మీద నీళ్లు పారాయో అక్కడ, ఎక్కడ కొత్త రోడ్డు వేయబోతున్నారో అక్కడ, ఏ కార్పొరేటర్ గట్టిగా పట్టుబట్టారో అక్కడ. రెండోదానిలో కొంత న్యాయం ఉంది, దాని గురించి తరువాత చెబుతాను. మిగతా రెండింటికి బదులుగా, చేతిలో ఉన్న రికార్డులతోనే వచ్చే రెండు మూడేళ్లలో ఏ పైపు ఇబ్బంది పెట్టే అవకాశం ఎక్కువో అంచనా వేసి, ఆ వరుసలో పనులు పెట్టుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నగరాల్లో నీటి సరఫరా విభాగంలో పనిచేసే ఇంజనీర్లను, వారికి సహాయపడే డేటా విశ్లేషకులను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఖరీదైన సెన్సర్లు అక్కర్లేదు. ఫిర్యాదుల రిజిస్టరు, మరమ్మతుల బిల్లులు, ఏదో ఒక స్థాయిలో జీఐఎస్ మ్యాపు (పైపులు ఎక్కడున్నాయో చూపే కంప్యూటర్ మ్యాపు), ఎక్సెల్ వాడడం తెలిసిన ఒక మనిషి ఉంటే పని మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ కొనుగోలు టెండరుతో మొదలుపెట్టిన చోట తొలి ఏడాదంతా టెండరు ఫైలుకే సరిపోతుంది.

మొదటి దశ: దేన్ని వైఫల్యం అనాలో తేల్చుకోవడం

ఈ విషయం మీద విదేశాల్లో వచ్చిన పరిశోధనల్లో అధికభాగం, రోజంతా పైపులో ఒత్తిడి ఉండే నగరాల గురించినవి. అక్కడ వైఫల్యమంటే పైపు పగలడం. మన నగరాల్లో చాలావరకు నీరు రోజూ కొన్ని గంటలో, రోజు విడిచి రోజో వస్తుంది. వాల్వు తిప్పిన ప్రతిసారీ ఖాళీ పైపులోకి గాలిని తోసుకుంటూ నీరు దూసుకొస్తుంది, కట్టేసిన ప్రతిసారీ పైపులో ఒత్తిడి పడిపోతుంది. అలా పడిపోయినప్పుడు పక్కనున్న మురుగు, చిల్లుల గుండా, వదులైన జాయింట్ల గుండా లోపలికి చేరుతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీరు ప్రాణాలు తీసిన ఘటనలు ఈ రెండో రకం వైఫల్యం ఎంత తీవ్రమైనదో చూపించాయి. రోడ్డు మీద ఒక్క చుక్క పైకి రాకుండానే ప్రాణం తీయగల పైపు, పగుళ్ల లెక్క మాత్రమే చూసే మోడల్‌లో ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

అందువల్ల రెండు లెక్కలు వేరువేరుగా నడపాలి. ఒకటి పైపు పగలడం లేదా లీకవడం, రెండోది కలుషిత నీటి ఫిర్యాదు. రెండింటినీ కలిపి ఒకే అంకె చేస్తే, సంఖ్యలో ఎక్కువగా ఉండే లీకేజీ ఫిర్యాదులు కలుషిత నీటి సంకేతాన్ని మింగేస్తాయి. మూడో రకాన్ని పూర్తిగా పక్కన పెట్టాలి: జేసీబీ తగిలి పగిలినవి, కేబుల్ కోసం తవ్వుతూ కోసేసినవి. వాటి తప్పు పైపుది కాదు. వాటిని తీసేయకపోతే, ఫ్లైఓవర్ పనులు జరిగిన రోడ్ల కింద ఉన్న కొత్త డీఐ (డక్టైల్ ఐరన్) పైపులు కూడా జాబితా పైభాగానికి ఎక్కి కూర్చుంటాయి.

రెండో దశ: పైపుల రిజిస్టరు

నెట్‌వర్కును ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకూ శాశ్వతమైన ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. వాల్వు నుంచి వాల్వు దాకా ఒక ముక్కగా తీసుకోవడం మంచిది, ఎందుకంటే రేపు మరమ్మతు వచ్చినా, మార్పిడి చేసినా నీరు ఆపేది ఆ హద్దుల్లోనే. ఒక్కో ముక్కకు పొడవు, వ్యాసం, పైపు రకం, వేసిన సంవత్సరం, జాయింటు రకం, లోతు, ఫెర్రూల్ కనెక్షన్ల (ప్రధాన పైపు నుంచి ఇంటికి తీసిన కనెక్షన్ల) సంఖ్య నమోదు కావాలి.

వేసిన సంవత్సరం చాలాచోట్ల దొరకదు. దొరకనిచోట పాత మెజర్‌మెంట్ బుక్కులు, లేఅవుట్ అనుమతి తేదీ, ఆ వీధిలో మొదటి నల్లా కనెక్షన్ మంజూరైన తేదీ ఆధారంగా అంచనా కట్టవచ్చు. హైదరాబాద్‌లో అయితే నీటి వనరుల చరిత్ర కూడా ఒక దారి చూపుతుంది: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి, మంజీరా నీరు 1965 నుంచి, కృష్ణా నీరు 2000 తరువాత వచ్చాయి. ఒక ప్రాంతం ఏ వనరుతో మొదట నీరు తాగిందో తెలిస్తే అక్కడి ప్రధాన లైను ఏ కాలం నాటిదో ఉజ్జాయింపుగా తేలుతుంది. అయితే అంచనా కట్టిన ప్రతి విలువ పక్కనా అది అంచనా అని ఒక నిలువు వరుసలో గుర్తు పెట్టాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఆ అంచనాయే అసలు రికార్డుగా చలామణీ అవుతుంది.

అసంపూర్ణమైన రికార్డు చూసి వెనకడుగు వేయనక్కర్లేదు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో ఏ ఇంటికి సీసపు పైపు ఉందో కనుక్కోవలసి వచ్చినప్పుడు, నగరపాలక సంస్థ దగ్గర ఉన్నవి చాలావరకు చేత్తో రాసిన పాత ఇండెక్స్ కార్డులే. వాటిలో చాలా తప్పులుండేవి. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న పరిశోధకులు ఆ కార్డులకు ఇంటి వయసు, విలువ, ఉన్న చోటు వంటి వివరాలు జోడించి, తవ్విన ప్రతి ఇంటి ఫలితాన్నీ తిరిగి మోడల్‌కు అందిస్తూ పని నడిపించారు. ఆ కథ చివరి భాగం మనకు మరింత అవసరమైనది, దాన్ని ఎనిమిదో దశలో చెబుతాను.

మూడో దశ: ఫిర్యాదును పైపుకు ముడివేయడం

మొత్తం శ్రమలో సగానికి పైగా ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. రిజిస్టరులో ఒక నమోదు సాధారణంగా ఇలా ఉంటుంది: "రామాలయం వెనక రెండో సందు, కిరాణా కొట్టు ఎదురుగా లీకేజీ, అటెండ్ చేయడమైనది." అదే రోజు అదే లీకేజీ గురించి కాల్ సెంటరుకు మరో నలుగురు ఫోన్ చేసి ఉంటారు. అవి ఐదు ఫిర్యాదులు, ఒక్కటే వైఫల్యం. పైగా ఆ సందులో 100 మిల్లీమీటర్ల పంపిణీ లైను, దానికి సమాంతరంగా పాత 80 మిల్లీమీటర్ల లైను, ఇళ్లకు వెళ్లే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు ఉంటే లీకైంది వాటిలో ఏదన్నది ఆ వాక్యం చెప్పదు.

ఈ ముడి విప్పగలిగేది ఆ సెక్షన్ లైన్‌మనే. వార్డు మ్యాపును పెద్ద కాగితం మీద ముద్రించి, గత ఐదేళ్ల నమోదులను పక్కన పెట్టుకుని, లైన్‌మన్‌తోనూ వాల్వు ఆపరేటర్‌తోనూ కూర్చుని ఒక్కో నమోదును ఒక్కో పైపు ముక్కకు గుర్తించాలి. మరమ్మతు బిల్లులో వాడిన క్లాంపు (పగిలిన చోట బిగించే పట్టీ) సైజు కనిపిస్తే పైపు వ్యాసం దానంతటదే తేలిపోతుంది. క్లాంపు లేకుండా ఫెర్రూల్ బిల్లు మాత్రమే ఉంటే అది ఇంటి కనెక్షన్ సమస్య, ప్రధాన పైపు ఖాతాలో వేయకూడదు. ఒకే ముక్క మీద ఏడు రోజుల లోపు వచ్చిన ఫిర్యాదులన్నింటినీ ఒకే వైఫల్యంగా లెక్కించడం పనికొచ్చే నియమం.

ఇక్కడే రెండు రకాల వక్రతలు, అంటే లెక్కను ఒకవైపుకు లాగే లోపాలు, దొర్లుతాయి. అపార్టుమెంట్లున్న కాలనీలో సన్నటి లీకేజీకి కూడా యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు వస్తుంది, బస్తీలో నెల రోజులు కారినా రాకపోవచ్చు. ఫిర్యాదుల సంఖ్యనే నిజమనుకుంటే డబ్బు ఫోన్ చేసేవారి వీధులకే వెళ్తుంది. ఫిర్యాదు లేకుండా సిబ్బంది స్వయంగా గుర్తించి చేసిన మరమ్మతులను కూడా చేరిస్తే ఈ లోటు కొంత పూడుతుంది. ఇక రెండోది బతికి బయటపడ్డవాటి వక్రత. పదేపదే పగిలిన పాత సీఐ (పోత ఇనుప) పైపులను ఎప్పుడో మార్చేసి, మ్యాపు నుంచి కూడా తొలగించి ఉంటారు. మిగిలిన పాత పైపులు గట్టివి కాబట్టే మిగిలాయి. వాటిని చూసి పాత సీఐ పైపులు బాగా మన్నుతాయన్న నిర్ధారణకు మోడల్ వస్తుంది. అందుకే మార్చేసిన పైపును మ్యాపులోంచి చెరిపేయకుండా, ఎప్పుడు వాడుకలోంచి తీశారో రాసి ఉంచాలి.

నాలుగో దశ: చుట్టూ ఉన్న కారణాలు

వయసు ఒక్కటే చాలదు. నిలువు అచ్చుల్లో పోతపోసిన పాత సీఐ పైపుల గోడలు మందంగా ఉండేవి, తరువాత యంత్రాలతో తిప్పుతూ పోసినవి పలచనయ్యాయి. అందువల్ల తాతల కాలపు పైపు నిలిచి, దాని తరువాతి తరం పైపు ముందే పగలడం వింతేమీ కాదు. ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపుల్లో సిమెంటులోని సున్నం నీటిలోకి కరిగి గోడ మెత్తబడుతుంది. పీఎస్సీ (బిగించిన ఉక్కు తీగలున్న కాంక్రీటు) పైపుల్లో లోపలి తీగలు తుప్పుపట్టి తెగేవరకూ పైకి ఏమీ తెలియదు, తెగితే మాత్రం పెద్ద వ్యాసపు లైను ఒక్కసారిగా బద్దలవుతుంది.

నేల స్వభావం తప్పక చేర్చాలి. గుంటూరు ప్రాంతంలోని నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, ఆ కదలికకు బిరుసైన సీఐ, ఏసీ పైపులు అడ్డంగా విరుగుతాయి. రాతినేల ఉన్నచోట సరైన ఇసుక పరుపు లేకుండా వేస్తే రాయి మొన మీద ఆనిన పైపు అక్కడే పగులుతుంది. వీటితోపాటు రిజర్వాయర్ నీటిమట్టానికీ పైపు ఉన్న మట్టానికీ తేడా, వారానికి ఎన్నిసార్లు వాల్వు తిప్పుతారన్నది, పైన తిరిగే లారీల బరువు, మురుగు లైను ఎంత దూరంలో ఉందన్నది నమోదు చేయాలి. కలుషిత నీటి లెక్కకు ఈ చివరిది, చివరి ఇళ్ల దగ్గర తీసిన అవశేష క్లోరిన్ (నీటిలో ఇంకా మిగిలిన క్లోరిన్) రీడింగులు ప్రాణం. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తరచూ తక్కువ వస్తున్న పాయింటు ఏ పైపు ముక్క చివర ఉందో చూడాలి.

అయిదో దశ: అంచనా

పైపు వయసుతోపాటు పగుళ్లు ఘాతీయంగా పెరుగుతాయన్న సూత్రాన్ని 1979లో షమీర్, హోవార్డ్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ తరువాత పైపు ఎంతకాలం నిలుస్తుందో లెక్కగట్టే మనుగడ విశ్లేషణలు, వాటి తరువాత మెషిన్ లెర్నింగ్ పద్ధతులు వచ్చాయి. మొదటి ఏడాది వీటన్నింటికన్నా తేలికైనదానితో మొదలుపెట్టమని సలహా ఇస్తాను: కిలోమీటరుకు ఏడాదికి ఎన్ని వైఫల్యాలు అన్న రేటు, కొద్దిపాటి సవరణతో.

ఆ సవరణ ఎందుకో లెక్కలో చూద్దాం. 60 మీటర్ల పైపు ముక్క అయిదేళ్లలో ఒకసారి పగిలిందనుకోండి. 0.06 కిలోమీటర్లను అయిదేళ్లతో గుణిస్తే 0.3, అంటే రేటు 3.3. మరో 900 మీటర్ల ముక్క అదే అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పగిలింది. దాని రేటు 9 భాగించు 4.5, అంటే 2. అంకె ప్రకారం మొదటిది అధ్వానం, కానీ ఏ లైన్‌మన్ నవ్వకుండా దాన్ని ఒప్పుకోడు. ఒక్క పగులు యాదృచ్ఛికం కావచ్చు. అందుకని అదే రకం, అదే కాలం పైపులన్నింటి సగటు రేటు తీసుకోవాలి. అది 0.5 అనుకుందాం. ప్రతి ముక్కకూ నాలుగు కిలోమీటరు సంవత్సరాల (కిలోమీటర్లను ఏళ్లతో గుణించిన లెక్క) సగటు అనుభవాన్ని అదనంగా కలపాలి, అంటే వైఫల్యాల సంఖ్యకు 2, దాన్ని భాగించే అంకెకు 4 చేర్చాలి. ఇప్పుడు మొదటిది 3 భాగించు 4.3, అంటే 0.7. రెండోది 11 భాగించు 8.5, అంటే సుమారు 1.3. వరుస తిరగబడింది, సబబైన దిశలోనే. ఈ నాలుగు అన్న బరువును మీ డేటాతో సరిచూసుకోవాలి తప్ప అది ఎక్కడికైనా సరిపోయే అంకె కాదు.

ముక్కలకు ముడిపడిన వైఫల్యాలు కొన్ని వందలు దాటిన తరువాత, నేల, ఒత్తిడి, వాల్వు తిప్పే తరచుదనం వంటివి కూడా లెక్కలోకి తీసుకునే పాయిసాన్ లేదా లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతులకు వెళ్లవచ్చు. గ్రేడియంట్ బూస్టింగ్ వంటి మెషిన్ లెర్నింగ్ పద్ధతులు ఆ పైమెట్టు. ఏది వాడినా, ఫలానా పైపు జాబితాలో పైకెందుకు వచ్చిందని స్టాండింగ్ కమిటీలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేని మోడల్‌ను మొదటి ప్రశ్నకే పక్కన పెట్టేస్తారు.

ఆరో దశ: నమ్మే ముందు పరీక్ష

ఏడాదికి నూటికి మూడు పైపులు పగిలే నగరంలో "ఏదీ పగలదు" అని చెప్పే మోడల్ కూడా 97 శాతం సరైనదే. అందుకే విక్రేత చూపించే ఖచ్చితత్వ శాతానికి విలువ లేదు. సరైన పరీక్ష ఇది: చివరి రెండేళ్ల రికార్డును దాచిపెట్టి, అంతకు ముందటి రికార్డుతో మాత్రమే మోడల్ తయారుచేసి, దాని ప్రకారం పొడవులో మొదటి 5 శాతం పైపులను ఎంచుకోవాలి. దాచిన రెండేళ్లలో వచ్చిన వైఫల్యాల్లో ఎన్ని ఆ 5 శాతంలో పడ్డాయో లెక్కించాలి. డేటాను కాలంతో సంబంధం లేకుండా కలిపేసి విడగొడితే, భవిష్యత్తు సమాచారం గతంలోకి జారిపోయి ఫలితం అందంగా కనబడుతుంది.

ఇదే పరీక్షను మరో రెండు మొరటు జాబితాలకూ పెట్టాలి: వయసు వరుస, గత పగుళ్ల వరుస. మీ మోడల్ రెండోదాన్ని మించలేకపోతే రెండోదాన్నే వాడండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఏడో దశ: పగిలితే ఎంత నష్టం

పగిలే అవకాశం ఒక సగం మాత్రమే. కింది అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవి. ఆసుపత్రి రోడ్డు కింద 400 మీటర్ల 300 మిల్లీమీటర్ల సీఐ లైను, ఏడాదిలో పగిలే అవకాశం 6 శాతం, పగిలితే ట్యాంకర్లు, రోడ్డు, మరమ్మతు కలిపి నష్టం 25 లక్షలు. ఏటా ఆశించదగిన నష్టం 1,50,000 రూపాయలు. కాలనీలో 250 మీటర్ల 100 మిల్లీమీటర్ల ఏసీ లైను, పగిలే అవకాశం 40 శాతం, నష్టం 60,000. ఏటా ఆశించదగిన నష్టం 24,000. ఆసుపత్రి లైనే ముందు అనిపిస్తుంది. కానీ దాన్ని మార్చడానికి మీటరుకు 18,000 చొప్పున 72 లక్షలు, కాలనీ లైనుకు 4,000 చొప్పున 10 లక్షలు. పెట్టిన ప్రతి లక్షకూ తప్పే నష్టం చూస్తే ఆసుపత్రి లైనుకు సుమారు 2,080, కాలనీ లైనుకు 2,400. చిన్న లైనే ముందుకొచ్చింది. అది మురుగు కాలువ పక్కన ఉంటే ఇంకా ముందుకొస్తుంది.

ఇక్కడితో ఆగకూడదు. ఆసుపత్రి లైను మీద తిరగని పాత స్లూయిస్ వాల్వును (నీటిని ఆపే వాల్వును) 3 లక్షలతో మార్చితే, పగిలినప్పుడు నీటిని త్వరగా ఆపగలిగి నష్టం 25 నుంచి 10 లక్షలకు తగ్గుతుందనుకోండి. ఏటా 90,000 మిగులు, అంటే లక్షకు 30,000. ఏ పైపు మార్పిడీ దాని దరిదాపుల్లోకి రాదు. ప్రాధాన్య జాబితా తయారుచేసే ప్రతి చోటా పైపు పక్కన వాల్వుకు కూడా ఒక గడి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

కలుషిత నీటి ప్రమాదాన్ని మాత్రం రూపాయల్లోకి మార్చకండి. మురుగు లైనుకు దగ్గరగా ఉండి, క్లోరిన్ తరచూ పడిపోతూ, ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తున్న ముక్కలను ఒక ప్రత్యేక జాబితాగా తీసి, నిధుల్లో కొంత భాగాన్ని ముందే దానికి కేటాయించాలి.

ఎనిమిదో దశ: జాబితా నుంచి పనుల్లోకి

జాబితాలో ఒకటో నంబరు ఊరికి ఒక చివర, రెండోది మరో చివర ఉంటే కాంట్రాక్టరు రాడు. దగ్గర దగ్గర ముక్కలను కలిపి ప్యాకేజీగా చేయాలి. కొత్త రోడ్డు వేయబోయే వీధుల జాబితాను రోడ్ల విభాగం నుంచి తెప్పించుకుని, మధ్యస్థ ప్రాధాన్యంలో ఉన్న పైపులను ఆ వీధుల్లో ముందుకు జరపవచ్చు, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు అంతమేర తగ్గుతుంది. మొదట్లో న్యాయం ఉందన్నది దీని గురించే.

ప్రతి వార్డుకూ సమానంగా పంచాలన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఫ్లింట్‌లో జరిగింది అదే. మోడల్ చెప్పిన ఇళ్ల దగ్గర తవ్వినంత కాలం ఎక్కువ ఇళ్లలో మార్చవలసిన పైపులే బయటపడ్డాయి. 2018లో మోడల్‌ను పక్కన పెట్టి, వార్డులవారీగా ఇంటింటా తవ్వడం మొదలుపెట్టాక, సీసం దొరికే ఇళ్లు సుమారు 15 శాతానికి పడిపోయాయి. ఖర్చు మాత్రం ప్రతి గుంతకూ అయింది. తరువాత మళ్లీ మోడల్ వైపే మళ్లారు. కార్పొరేటర్లకు పైపు వరుసను తేల్చే మార్కుల పద్ధతిని ముందే వివరించి, వారి వార్డులోని ప్రతి పైపు మార్కునూ చూపించి, రికార్డులో లేని లీకేజీ ఏదైనా ఉంటే రుజువుతో చేర్పించే అవకాశం ఇస్తే, ఆ ఒత్తిడిలో కొంత భాగం ఉపయోగపడే సమాచారంగా మారుతుంది.

తొమ్మిదో దశ: తవ్వే ముందు, తవ్విన తరువాత

పెద్ద లైన్ల విషయంలో అంచనా మీదే ఆధారపడి కోట్లు ఖర్చు పెట్టకూడదు. మరమ్మతుకు తవ్విన చోటే చిన్న ముక్క కోసి చూడాలి. సీఐ పైపు బయటికి నిండుగా కనిపిస్తూనే గ్రాఫైటుగా మారి ఉంటే కత్తి మొనతో గీకగానే పొడిలా రాలుతుంది, రాలగా మిగిలిన గట్టి లోహపు మందాన్నే కొలవాలి. ఏసీ ముక్క తాజా అంచు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం రాస్తే సున్నం నిలిచి ఉన్న భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, సున్నం పోయిన భాగం రంగు మారకుండా ఉండిపోతుంది. ఏసీ పైపును కోసేటప్పుడు తడిపి కోయాలి, సిబ్బంది మాస్కు లేకుండా ఆ దుమ్ములో ఉండకూడదు.

పైపు మార్చిన ప్రతి చోటా పాత పైపు ముక్క ఫోటో, మిగిలిన గోడ మందం, అసలు లోతు, అసలు వ్యాసం, నేల రంగు ఒక ఫారంలో నింపి, ముక్క గుర్తింపు సంఖ్యతో సహా కార్యాలయానికి చేర్చాలి. మంచి స్థితిలో ఉన్న పైపును మార్చామని తేలితే దాన్నీ దాచకుండా రాయాలి, వచ్చే ఏడాది మోడల్ సరిదిద్దుకునేది దాన్నిబట్టే. ఈ ఫారం జత చేయని కాంట్రాక్టరు బిల్లు పాస్ కాదన్న షరతును టెండరు పత్రంలోనే పెట్టాలి. ఏటా మార్చి నెలాఖరుకు కొత్త వైఫల్యాలను, ఈ ఫారాలను చేర్చి ఆరో దశలోని పరీక్షను మళ్లీ చేసిన తరువాతే తదుపరి ఏడాది ప్యాకేజీలు ఖరారు చేయాలి.